కొంగు మీద మా అత్తయ్య పేరు వద్దట, షాపు ట్యాగే ఉండాలట

విభాగం: బెంగళూరు తెలుగువాళ్లు › పని, వ్యాపారం

కాళహస్తి_కోడలు (కె.ఆర్.పురం)
జనవరి 19, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఏళ్ల తరబడి చదవడమే తప్ప రాసింది లేదు. ఒక సలహా కావాలి. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మా అత్తయ్యది శ్రీకాళహస్తి. 27 ఏళ్లుగా కలంకారీ పని చేస్తోంది. అచ్చు పని కాదు, చేత్తో గీసేది, పెన్ కలంకారీ అంటారు కదా, అది. మొదట్లో ఒక మాస్టారి దగ్గర కూలికి వెళ్లేది. గీత గీసేది మగవాళ్లు. రంగు నింపడం, ఉడకబెట్టడం, ఏటికి మోసుకెళ్లి ఉతకడం ఆడవాళ్ల వంతు. మాస్టారు భోజనానికి లేచినప్పుడల్లా పాత గుడ్డ పీలికల మీద గీసి గీసి గీత నేర్చుకుంది. ఇప్పుడు మా వీధిలో కలం పట్టిన చేతులు చూస్తే సగానికి పైగా ఆడవాళ్లవే.

పోయిన ఏడాది నేనే ఇక్కడ ఒక బొటిక్‌తో మాట్లాడి ఆర్డర్ ఇప్పించాను. ఏ బొటిక్ అని మాత్రం అడగొద్దు. 6 పట్టుచీరలు, 10 దుపట్టాలు. సంక్రాంతికి ముందే అందించాం. పండగ వెళ్లగానే 2 చీరలు, 4 దుపట్టాలు వెనక్కి వచ్చాయి.

దుపట్టాల మీద ఫిర్యాదు ఏమంటే, బొమ్మల కింద తెలుగు అక్షరాలు ఉన్నాయట. "సీత", "జటాయువు", "లంకా దహనం" అని అత్తయ్య రాసింది. శ్రీకాళహస్తి పనిలో అది కొత్తేం కాదు. గుళ్లలో వేలాడదీసే పాత గుడ్డల మీద రామాయణం మొత్తం గడులు గడులుగా గీసి, ప్రతి గడి కింద కథ తెలుగులో రాసేవాళ్లు. "మా కస్టమర్లకి రీజనల్ లుక్ వద్దు మేడమ్, నెమళ్లు, తామరపూలు చాలు" అని మెసేజ్ పెట్టారు.

చీరల సంగతి ఇంకా మంట. కొంగు మూలన, కందిబద్దంత అక్షరాలతో, అత్తయ్య తన పేరు రాసుకుంది. అది చెరిపెయ్యాలట, లేకపోతే చీరకు 1,500 తగ్గిస్తారట. ఆ నలుపు ఒకసారి గుడ్డలో దిగితే బండకేసి బాదినా పోదు. ఆ ముక్క వాళ్లకు తెలియదు.

నేను పట్టుబట్టడం తప్పా? మా ఆయన "వచ్చిన ఆర్డర్ పోతుంది, ఊరుకో" అంటున్నారు. అత్తయ్య ఫోన్లో ఒకటే మాట: "నా పేరు వాళ్లకేం అడ్డమొచ్చిందిమే?"

-----

విజయ్_బెళ్లందూరు
జనవరి 19, రాత్రి 11:15

తిట్టకండి, ఉన్నమాట చెప్తున్నా. ఇది వైట్ లేబుల్ వ్యాపారం, అంటే ఒకరు చేసినదాన్ని ఇంకొకరు తమ పేరుతో అమ్ముకోవడం. నేను 11 ఏళ్లుగా కోడ్ రాస్తున్నాను, ఏ యాప్ మీదా నా పేరు లేదు. జీతం తీసుకున్నాక పని కంపెనీది. బొటిక్ వాళ్లు అద్దె కట్టాలి, లైట్లు వెయ్యాలి, ఫొటోలు తీయించాలి. వాళ్ల ట్యాగ్ ఉండాలనుకోవడంలో తప్పేముంది? పేరు కావాలంటే సొంతంగా అమ్ముకోవాలి.

-----

సుజాత_మారతహళ్లి
జనవరి 20, ఉదయం 7:50

విజయ్ గారూ, మీకు నెల జీతం, పీఎఫ్, ఇన్సూరెన్స్ ఉన్నాయి. ఆవిడకేమున్నాయి?

కోడలుగారూ, లెక్క ఒకసారి చెప్పండి. చీరకు మీకు ఎంత వస్తుంది, వాళ్లు ఎంతకు అమ్ముతారు?

-----

కాళహస్తి_కోడలు
జనవరి 20, ఉదయం 9:05

సుజాత గారూ, మాకు చీరకు 7,500. పట్టు గుడ్డ మేమే కొనాలి, 3,000 పైమాటే. పాలు, కరక్కాయ, రంగులు, కట్టెలు కలిపి ఇంకో 600 వేసుకోండి. మిగిలేది 3,900. చీరకు 17 రోజులు పడుతుంది. రోజుకు 230. అదే చీర వాళ్ల ఇన్‌స్టాగ్రామ్‌లో 21,000.

1,500 తగ్గిస్తే మిగిలేదెంతో మీరే చూడండి.

-----

విజయ్_బెళ్లందూరు
జనవరి 20, ఉదయం 9:30

సరే, రోజుకు 230 అని నాకు తెలియదు. కానీ అది రేటు సమస్య, పేరు సమస్య కాదు కదా.

-----

పాత_గుడ్డల_పిచ్చి (జయనగర్)
జనవరి 20, మధ్యాహ్నం 1:20

రెండూ ఒకటే విజయ్ గారూ. పేరుంటే రేటు అడగొచ్చు. 2008లో పద్మశ్రీ అందుకున్న గురప్ప శెట్టి గారు గీసిన గుడ్డను జనం ఆయన పేరు చెప్పుకుని కొంటారు. పేరు లేని గుడ్డకు మీటర్ల లెక్కే.

నాకు ఈ గుడ్డల పిచ్చి 20 ఏళ్ల నుంచి. విదేశీ మ్యూజియంల్లో మన కలంకారీల కింద "కోరమాండల్ తీరం, 18వ శతాబ్దం" అని ఉంటుంది. తీరం పేరుంది, శతాబ్దం ఉంది, గీసిన మనిషి లేడు. ఆ గుడ్డలు ఐరోపాలో ఎంతలా అమ్ముడయ్యాయంటే, అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెడితే ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టింది. ఇంగ్లండ్ 1700లో దిగుమతికి అడ్డం కొట్టి, 1721లో ఏకంగా వాడకాన్నే నిషేధించింది. ఒక దేశం చట్టం చేసి ఆపాల్సి వచ్చిన పని, ఎవరి చేతిదో మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు.

ఇంకో మాట. కలంకారీ అన్న పేరే మనది కాదు, పారశీకం నుంచి వచ్చింది. మనవాళ్లు వ్రాతపని అనేవాళ్లు. రాసే పనిలో రాసినవాళ్ల పేరు వద్దనడం ఏం న్యాయం!

-----

పెడన_బాబ్జీ (హెబ్బాళ)
జనవరి 20, సాయంత్రం 6:10

మాది పెడన అండి, బందరు పక్కన. మావి చెక్క అచ్చులు. టేకు చెక్క మీద పువ్వు చెక్కి అద్దుతాం. కాళహస్తి వాళ్లు మమ్మల్ని "అచ్చేగా" అని తీసిపారేస్తారు, ఆ కోపం నాకు ఉంది, ఇక్కడ చెప్పుకుంటున్నా. అద్దకంలో ఒక రంగుకు ఒక అచ్చు, పువ్వు ఒక్కటైనా అచ్చులు నాలుగు. ఒక వెంట్రుకవాసి జరిగితే గుడ్డ పాడు. మా అమ్మ భుజం నొప్పి దాని పుణ్యమే.

సరే, అసలు విషయం. మా ఇద్దరికీ కలిపి ఒక దెయ్యం పట్టింది. చిక్కపేటలో నిన్న "కలంకారీ" చీర 650కి చూశాను. డిజిటల్ ప్రింటు, పాలియెస్టరు. బుద్ధుడి ముఖం 14 సార్లు, 14 సార్లూ అదే నవ్వు. షాపతన్ని అడిగితే "ఒరిజినల్ కలంకారీ సార్" అన్నాడు. మీ అత్తగారి పేరు కొంగు మూలన ఉంటే కొనేవాడికి అదొక్కటైనా గుర్తు కదా. దాన్నే చెరపమంటే ఏమనాలి!

-----

కాళహస్తి_కోడలు
జనవరి 20, రాత్రి 9:45

బాబ్జీ అన్నా, మేమెవరం మిమ్మల్ని తీసిపారెయ్యలేదు 🙂 అత్తయ్య దగ్గర పెడన దుప్పటి ఒకటుంది, పండక్కే తీస్తుంది.

-----

సుజాత_మారతహళ్లి
జనవరి 21, ఉదయం 8:15

నాలాంటి వాళ్లకు అసలు తేడా తెలియదు. చేత్తో గీసిందని ఎలా పోల్చుకోవాలి? నా దగ్గర 3 "కలంకారీ"లున్నాయి, ఇప్పుడు మూడింటి మీదా అనుమానమే.

-----

కాళహస్తి_కోడలు
జనవరి 21, మధ్యాహ్నం 2:30

పిల్లాడు పడుకున్నాడు, కుదురుగా రాస్తాను. నేను పెళ్లయి వెళ్లాక రెండు నెలలు ఆ ఇంట్లోనే ఉన్నాను, కళ్లారా చూసిందే.

ముందు గుడ్డను గంజి పోయేదాకా ఉతుకుతారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి, పిండి, ఎండకు వేస్తారు. ఇల్లంతా పచ్చిపాల వాసన. మొదటి వారం నాకు అన్నం దిగలేదు. పాలలో కొవ్వు ఉంటుంది కాబట్టి గీత పక్కకు పాకదు. పాలు పలచనైతే గీతకు ముళ్లు మొలిచినట్టు అవుతుంది. అందుకే పాలవాడితో అత్తయ్యకు రోజూ గొడవ, "నీళ్లు నాకెందుకురా, ఏట్లో లేవా" అని. నిజానికి ఏట్లోనూ లేవు, స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే.

చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో లేతగా బొమ్మ వేసుకుంటారు. దాని మీద కలం. కలం అంటే వెదురు పుల్ల. మొన చెక్కి, మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్ని ఉండ సిరాను పీల్చుకుంటుంది. వేళ్లతో ఎంత నొక్కితే అంత దిగుతుంది. సన్నగీతకు మెల్లగా, లావుగీతకు గట్టిగా. అత్తయ్య చూపుడువేలు, బొటనవేలు మధ్య నల్లటి కాయ కాసి ఉంటుంది. పెళ్లి ఫొటోల్లో దాన్ని దాచుకోవడానికి పమిట చెంగు పట్టుకుని నిలబడింది.

నల్లరంగు పేరు కసిం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. గుడ్డ మీద పెట్టినప్పుడు అది లేతగానే ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డను తాకాక నల్లబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు గారడీలా అనిపించింది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లతో గీసి, తర్వాత చవలకొడి లాంటి వేళ్లు, చెక్కలు వేసి గుడ్డను ఉడకబెడతారు. పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. పసుపురంగుకు కరక్కాయ పువ్వు. నీలానికి నీలిమందు. ప్రతి రంగుకూ మళ్లీ ఉతుకు, మళ్లీ ఎండ. వాన పట్టిందా, పని ఆగిపోయినట్టే.

ఇక సుజాత గారి ప్రశ్న. గుడ్డ తిరగేసి చూడండి. డిజిటల్ ప్రింటు అయితే వెనక తెల్లగా వెలవెలబోతుంది. చేతిపని గుడ్డ నేల మల్లెపువ్వులా తెల్లగా ఉండదు, మీగడరంగులో ఉంటుంది. ఒకేలాంటి పువ్వులు రెండు పట్టుకుని పక్కపక్కన చూడండి. చేత్తో గీస్తే రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి కానీ కవలల్లా ఉండవు. ముక్కు దగ్గర పెట్టుకున్నా తెలుస్తుంది, రెండు ఉతుకుల దాకా ఆ పాల వాసన పోదు.

-----

సుజాత_మారతహళ్లి
జనవరి 21, సాయంత్రం 5:00

మూడింటిలో రెండు తేలిపోయాయి. ఒకటి 4,800 పెట్టి కొన్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పకండి.

-----

శాస్త్రి_రాజాజీనగర్
జనవరి 22, ఉదయం 6:30

అమ్మా, పెద్దవాణ్ణి, ఒక సందేహం. గుడిలో స్వామి వెనక కట్టే గుడ్డ వేరు, ఒంటికి కట్టుకునే చీర వేరు. రాముణ్ణీ సీతనూ చీర మీద వేస్తే దాని మీదే కూర్చుంటారు, దాన్నే ఉతుకుతారు. ఆ షాపువాళ్లు నెమళ్లు చాలన్నది ఈ ఒక్క విషయంలో సరైనదే అనిపిస్తోంది.

-----

కాళహస్తి_కోడలు
జనవరి 22, ఉదయం 10:10

శాస్త్రి గారూ, మీ మాట అత్తయ్యకు చెప్పాను. "నాకు తెలీదా ఆ మాత్రం" అంది. దేవుళ్ల ముఖాలు భుజం మీద పడే కొంగులోనూ, మెడలో వేసుకునే దుపట్టాలోనే వేస్తుంది. నడుము కింద ఎప్పుడూ చెట్లు, లతలు, చేపలే. ఒక షాపువాళ్లు కుచ్చిళ్లలో వినాయకుణ్ణి వెయ్యమంటే ఆర్డర్ వద్దంది.

-----

తాండా_పిల్ల (యలహంక)
జనవరి 22, రాత్రి 8:55

నేను లంబాడీ అమ్మాయిని. రాయదుర్గం వైపు తాండా మాది, చదువు తెలుగులో, ఉద్యోగం ఇక్కడ. ఈ చర్చ చదువుతుంటే మా వాళ్ల కుట్టు గుర్తొచ్చింది.

బళ్లారి పక్కన సండూరులో లంబాడీ ఆడవాళ్ల కుట్టుకు జీఐ గుర్తింపు ఉంది, అంటే ఇది ఫలానా ఊరి పని అని ఇచ్చే గుర్తింపు. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు అక్కడి 450 మందికి పైగా ఆడవాళ్లు కుట్టిన 1,755 ముక్కలను ఒక్కచోట పెడితే గిన్నిస్ రికార్డు వచ్చింది. టీవీలో చూసి మా అమ్మ ఏడ్చింది. తర్వాత ఒక మాట అంది: "అన్ని ముక్కల్లో ఏది ఎవరిదో కుట్టినామెకు తప్ప ఎవరికి తెలుసు?"

కానీ మాకూ మీకూ తేడా ఉంది అక్కా. మా అవ్వ ఫేటియా (పావడా), కాంచళి (రవిక) తన కోసం కుట్టుకుంది. అద్దాలు, గవ్వలు, పాత నాణేలు, అన్నీ. సంతకం ఎందుకు, ఒంటి మీద ఉన్నదే సంతకం. దూరం నుంచి చూసి ఫలానా తాండా మనిషి అని చెప్పేవాళ్లు. అమ్మడం తర్వాత వచ్చింది. మరి మీ అత్తగారు తను గీసిన చీర ఎప్పుడైనా కట్టుకున్నారా?

-----

కాళహస్తి_కోడలు
జనవరి 22, రాత్రి 11:30

ఈ ప్రశ్నకు ఇంతసేపూ జవాబు రాయలేకపోయాను.

లేదు. మా పెళ్లికి కూడా ధర్మవరం పట్టుచీర కట్టుకుంది. రోజూ కట్టేది పూల పాలియెస్టర్ చీరలు. 17 రోజుల పని ఒంటి మీద వేసుకుని తిరిగితే ఇల్లు గడవదు కదా.

-----

విజయ్_బెళ్లందూరు
జనవరి 23, ఉదయం 8:00

నా మొదటి పోస్టు వెనక్కి తీసుకోను, కానీ కోడ్‌తో పోల్చినందుకు సారీ. మా కోడ్‌లో ఎవరు ఏ లైను రాశారో లోపల రికార్డు ఉంటుంది. బయటివాళ్లకు కనబడకపోయినా టీమ్‌కు తెలుసు. మీ అత్తగారికి ఆ మాత్రం కూడా లేదు.

ఒక ఐడియా. జీఐ ట్యాగ్ ఉంటే సమస్య తీరిపోతుందా? దానికోసం ఏదైనా చెయ్యొచ్చా?

-----

చెన్నై_వెంకట్ (తిరువాన్మియూర్)
జనవరి 23, మధ్యాహ్నం 12:40

నేను చెన్నై వాణ్ణి, బెంగళూరు గుంపులోకి దూరుతున్నాను. జీఐ రిజిస్ట్రీ ఆఫీసు మా గిండీలోనే ఉంది, పనిమీద రెండుసార్లు వెళ్లాను కాబట్టి చెప్తున్నా.

శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ ఎప్పుడో వచ్చింది, మచిలీపట్నం కలంకారీకి విడిగా ఉంది. అయితే జీఐ అన్నది ఊరి పేరుకు రక్ష, మనిషి పేరుకు కాదు. మీ అత్తగారు ఆథరైజ్డ్ యూజర్‌గా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు "శ్రీకాళహస్తి కలంకారీ" అన్న పేరు, ముద్ర అధికారికంగా వాడుకోవచ్చు. చిక్కపేటవాడు ఉత్త "కలంకారీ" అంటే పట్టుకోవడం కష్టం, "శ్రీకాళహస్తి కలంకారీ" అని అమ్మితే మాత్రం అడగొచ్చు. బాబ్జీ గారు చూసిన చీర మీద ఏమని ఉందో గమనించారా?

మా చెన్నైలోని కళల సంస్థ కళాక్షేత్రలో కూడా కలంకారీ విభాగం ఉంది. ఈ పనిని మళ్లీ నిలబెట్టింది కమలాదేవి ఛటోపాధ్యాయ కదా. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు పెట్టినప్పుడు ఆవిడే అధ్యక్షురాలు. శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఆ దశాబ్దం చివర్లోనే వచ్చింది. మీ అత్తగారి మాస్టారికి మాస్టారు అందులో నేర్చుకునే ఉంటాడు.

-----

పెడన_బాబ్జీ
జనవరి 23, మధ్యాహ్నం 1:15

"న్యూ కలంకారీ ఫ్యాన్సీ" అని ఉంది సార్. ఏ కోర్టులో నిలబెడతాం.

-----

లెక్కల_మూర్తి (విజయనగర్)
జనవరి 23, రాత్రి 7:20

ఆడిటర్‌ని. సొంతంగా అమ్మాలనుకుంటే రెండు ముక్కలు. ఒకటి, కేంద్ర జౌళి శాఖ కింద హస్తకళల కమిషనర్ ఆఫీసు "పెహచాన్" అని ఆర్టిజన్ కార్డు ఇస్తుంది. ఫొటోతో, మనిషి పేరు మీద. ప్రభుత్వ మేళాల్లో స్టాల్ అడగాలంటే అది ఉండాలి. మీ అత్తగారికి లేకపోతే ముందు అది చేయించండి, మీ పేరు మీద కాదు.

రెండు, ఆంధ్ర నుంచి తెచ్చి ఇక్కడ అమ్మితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదని భయపెడతారు. నోటిఫై చేసిన చేతిపనులకు, ఏడాది అమ్మకం 20 లక్షల లోపైతే మినహాయింపు ఉంది. పాన్ ఉండాలి, సరుకుకు ఈ-వే బిల్లు తియ్యాలి. మీ కాగితాలు ఎవరికైనా ఒకసారి చూపించుకుని మొదలుపెట్టండి. నాకే చూపించండి అని రాస్తే నిర్వాహకులు పోస్టు పీకేస్తారు.

-----

నిర్వాహకుడు
జనవరి 23, రాత్రి 7:45

పీకేస్తాం. ఇప్పటికి వదిలేస్తున్నాం.

-----

పాత_గుడ్డల_పిచ్చి
జనవరి 24, ఉదయం 11:00

మూర్తి గారి కార్డు మాట బాగుంది. చిత్రకళా పరిషత్తు ఆవరణలో ఏడాది పొడుగునా చేతిపనుల సంతలు జరుగుతుంటాయి, అక్కడ అడగండి. ఏటా జనవరిలో కుమారకృప రోడ్డు మీద జరిగే చిత్రసంతెకు ఈసారి ఆలస్యమైపోయింది. ఇంకోటి, బెంగళూరుకే చెందిన అనితా రెడ్డి గారు (2011లో పద్మశ్రీ) "ద్వారక" పేరుతో శ్రీకాళహస్తిలో కలంకారీ ఆడవాళ్లతోనే పని నడిపారు. మీ వీధిలో ఎవరో ఒకరు అందులో చేసినవాళ్లు ఉంటారు, మాట్లాడి చూడండి. మీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ కన్నా ఇవన్నీ మేలు.

-----

సుజాత_మారతహళ్లి
జనవరి 24, ఉదయం 11:20

క్లబ్‌హౌస్‌ని తక్కువ చెయ్యకండి. మా అపార్ట్‌మెంట్లో 600 ఇళ్లు, సగం మనవాళ్లే. ఉగాదికి ముందు ఆదివారం స్టాల్స్ పెడతారు, టేబుల్‌కి 500. నేను కమిటీలో ఉన్నాను. కోడలుగారూ, మీ అత్తగారిని తీసుకురండి. చీరల కంటే ముందు మనిషిని తీసుకురండి.

-----

కాళహస్తి_కోడలు
మార్చి 17, రాత్రి 10:05

ఇన్నాళ్లకు వచ్చాను, కోప్పడకండి. పిల్లాడికి జ్వరం, తర్వాత ప్రయాణాలు.

సుజాత గారి మాట విని స్టాల్ పెట్టాం. అత్తయ్య తిరుపతి బస్సులో ఒక సంచీలో బట్టలు, ఇంకో సంచీలో కసిం సీసా, కలాలు పెట్టుకుని దిగింది. సీసా మూత సరిగా పట్టక సంచీ అడుగున కారింది. సిల్క్‌బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో క్యాబ్ డ్రైవరు ఆ వాసనకు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. అద్దాలు దించి తీసుకొచ్చాడు పాపం.

పొద్దున 10కి కూర్చుంటే 12 దాకా ఎవరూ రాలేదు. పక్క టేబుల్ ఊరగాయలకు మాత్రం క్యూ. వచ్చినవాళ్లు ధర చూసి "ఆన్‌లైన్‌లో 900కే ఉంది కదండీ" అన్నారు. మొదటిసారి ఓపిగ్గా చెప్పాను, ఆరోసారికి నాకే విసుగొచ్చింది. అప్పుడు అత్తయ్య టేబుల్ పక్కన నేల మీద చాప వేసుకుని, పాలు పట్టిన గుడ్డ పరిచి, గీయడం మొదలుపెట్టింది. ఎవరితోనూ మాట్లాడలేదు. పిల్లలు చుట్టూ మూగారు, పిల్లల కోసం తల్లులు వచ్చారు. లేత గీత చూస్తుండగానే నల్లబడుతుంటే ఒక బాబు "ఆంటీ, ఇందులో బ్యాటరీ ఉందా" అని అడిగాడు.

వెనక్కి వచ్చిన ఆ 4 దుపట్టాలూ అమ్ముడయ్యాయి. అక్షరాలున్నవే. ఒకటి కన్నడ ఆవిడ తీసుకున్నారు. కింద రాసింది కూడబలుక్కుని "సీత... జటా..." అని చదివేసి, "అరె, ఇది మన లిపే కదా" అని కన్నడలో అన్నారు. చీరలు రెండిట్లో ఒకటి పోయింది, 12,000. ఒకావిడ తన కూతురి పేరు రాసిమ్మని అడిగితే మాత్రం అత్తయ్య ఒప్పుకోలేదు. "గీసినోళ్ల పేరు రాస్తాను గానీ కొన్నోళ్ల పేరు రాయను" అనేసింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆవిడ నవ్వి, ఉత్త దుపట్టా తీసుకుని వెళ్లిపోయారు.

ఇక బొటిక్. వాళ్లే మళ్లీ ఫోన్ చేశారు, పెళ్లిళ్ల సీజను కదా, 8 చీరలు కావాలి. పేరు సంగతి ఎత్తాను. అటూ ఇటూ మాట్లాడి చివరికి ఒక మాటకు వచ్చారు. కొంగు మీద వద్దు, చీర మొదట్లో, బొడ్లో దోపుకునే కొసన రాసుకోవచ్చు. రేటు 9,000.

-----

తాండా_పిల్ల
మార్చి 17, రాత్రి 10:40

బొడ్లో దోపుకునే చోటా? అంటే ఎవరికీ కనబడని చోట! ఒప్పుకోవద్దక్కా.

-----

విజయ్_బెళ్లందూరు
మార్చి 17, రాత్రి 11:00

నాకు ఇది మంచి డీల్ అనిపిస్తోంది. 1,500 పెరిగింది, రికార్డూ ఉంటుంది. ఇంకా నయం, వద్దంటే ఆ 1,500 కూడా పోయేది.

-----

పాత_గుడ్డల_పిచ్చి
మార్చి 18, ఉదయం 9:15

నేనూ తాండా_పిల్ల పక్షమే. రేటు పెంచి పేరు దాచారు. అయినా మనం ఎంత అరిస్తే ఏం, అత్తగారు ఏమన్నారు?

-----

కాళహస్తి_కోడలు
మార్చి 18, మధ్యాహ్నం 3:20

నేను కూడా కోపంగానే చెప్పాను ఆమెకు. పప్పు తాలింపు పెడుతోంది, గరిటె ఆపలేదు. "కట్టుకునే ప్రతిసారీ ముందు ఆ కొసే గదమ్మా చేతిలోకి వచ్చేది. ఊరంతా చూడకపోతే పొయ్యె, ఆమె చూస్తాది" అంది. ఆర్డర్ ఒప్పుకుంది.

దుపట్టాలకు బొడ్డూ లేదు, దోపడమూ లేదు. వాటి మీద ఎక్కడ రాయాలో ఇంకా తేల్లేదు. ఒక మూలన రాస్తాననే ఉంది, షాపు ఇంకా సరే అనలేదు. పెహచాన్ కార్డుకు దరఖాస్తు ఇచ్చాం. ఫొటో దిగడానికి వెళ్తూ చేతికి అంటిన నలుపు చింతపండుతో అరగంట రుద్దింది, పోలేదు.

ఇంకో సంగతి. అమ్ముడుపోని ఆ రెండో చీర ఆమె పెట్లోనే ఉంది. కట్టుకోమన్నాను. "చూద్దాంలే" అంది.

-----

సుజాత_మారతహళ్లి
మార్చి 18, రాత్రి 9:50

మిగిలిన నా మూడో కలంకారీ, అసలుదని తేలినది, ఇప్పుడే బీరువాలోంచి తీసి చూశాను. కొంగు నాలుగు మూలలూ వెతికాను, లోపలి కొస తిరగేసి ట్యూబ్‌లైట్ కింద పెట్టాను. పిన్నీసు గుచ్చిన చిరుగు ఒకటుంది, పేరు లేదు. కొన్నది 2016లో. అమ్మినాయన "కాళహస్తి నుంచే మేడమ్" అన్నాడు, ఎవరు గీశారని నేను అడగలేదు.